జాకీ రాబిన్సన్: మౌనానికి చెల్లించిన మూల్యం

1972 అక్టోబర్ 15. అమెరికాలోని సిన్సినాటి నగరంలో వరల్డ్ సిరీస్ రెండో మ్యాచ్ మొదలవబోతోంది. బేస్‌బాల్‌లో అంతకన్నా పెద్ద పోటీ లేదు. మైదానంలో మైకు ముందు నిలబడిన మనిషి జుట్టు పూర్తిగా నెరిసిపోయింది. మధుమేహం ఒక కంటిచూపును తినేసింది, రెండో కన్ను కూడా మసకబారుతోంది. చూసినవారు డెబ్భై ఏళ్ల వృద్ధుడనుకుంటారు. ఆయన వయసు 53.

మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో వర్ణ సరిహద్దును చెరిపివేసి పాతికేళ్లయిన సందర్భంగా జాకీ రాబిన్సన్‌ను ఆ రోజు సన్మానించారు. నిర్వాహకులు ఆశించింది నాలుగు కృతజ్ఞతా వాక్యాలు. ఆయన కృతజ్ఞత చెప్పారు. అక్కడితో ఆగలేదు. ఏదో ఒక జట్టును నల్లజాతి మేనేజర్ నడిపించడం కళ్లారా చూసిన రోజున తనకు ఇంకా ఎక్కువ సంతోషం కలుగుతుందని కూడా చెప్పారు. బేస్‌బాల్‌లో మేనేజర్ అంటే కార్యాలయంలో కూర్చునే ఉద్యోగి కాదు. ఎవరు ఆడాలో, ఎప్పుడు ఎవరిని మార్చాలో మైదానం పక్కనుంచి నిర్ణయించే జట్టు సారథి. అప్పటిదాకా ఆ పదవి ఒక్క నల్లజాతి వ్యక్తికీ దక్కలేదు. తొమ్మిది రోజుల తర్వాత, అక్టోబర్ 24న, రాబిన్సన్ గుండెపోటుతో మరణించారు.

ఆయన ఆత్మకథ కూడా అదే ఏడాది వెలువడింది. తన జీవితం ఏనాడూ ఒక ఒడ్డుకు చేరలేదన్నది ఆ పుస్తకం పేరు చెప్పే మాట. హాల్ ఆఫ్ ఫేమ్‌లో స్థానం, పెద్ద కంపెనీలో ఉపాధ్యక్ష పదవి, అధ్యక్షులతో పరిచయాలు ఉన్న మనిషి తన కథకు అలాంటి పేరు ఎందుకు పెట్టుకున్నారు? జవాబు 1947లో దొరికేది కాదు. ఆ ముందరి కథ, ఆ తర్వాతి కథ కలిపి చూడాలి.

రాబిన్సన్ 1919 జనవరి 31న జార్జియా రాష్ట్రంలోని కైరో అనే చిన్న ఊరి దగ్గర పుట్టారు. తాత బానిస. తల్లిదండ్రులు భూస్వామి పొలంలో పంట పంచుకునే పద్ధతి మీద సేద్యం చేసేవారు. అయిదుగురు పిల్లల్లో జాకీ చివరివాడు. ఆరు నెలల పసివాడిగా ఉన్నప్పుడే తండ్రి ఇల్లు విడిచి వెళ్లిపోయాడు. తల్లి మాలీ 1920లో పిల్లలందరినీ వెంటబెట్టుకుని రైలెక్కి, దేశం ఆ చివరనున్న కాలిఫోర్నియాలోని పాసడీనాకు చేరింది. ఇళ్లలో పనిచేసి కూడబెట్టిన డబ్బుతో పెప్పర్ స్ట్రీట్‌లో ఒక ఇల్లు సంపాదించింది. ఆ వీధిలో ఉన్నవారంతా తెల్లవారే. వాళ్లను వెళ్లగొట్టడానికి ఇరుగుపొరుగువారు చేయని ప్రయత్నం లేదు. మాలీ కదల్లేదు. పౌరుషం అంటే ఏమిటో రాబిన్సన్ మొదట నేర్చుకున్నది తల్లి దగ్గరే.

రెండో పాఠం అన్న మాక్ నుంచి వచ్చింది. 1936 బెర్లిన్ ఒలింపిక్స్ 200 మీటర్ల పరుగులో జెస్సీ ఓవెన్స్ స్వర్ణం గెలిచాడని లోకానికి తెలుసు. అతని వెనుక 0.4 సెకన్ల తేడాతో రజతం గెలిచినవాడు మాక్ రాబిన్సన్. పతకంతో సొంత ఊరికి తిరిగొచ్చిన మాక్‌కు దొరికిన ఉద్యోగం వీధులు ఊడ్చడం. ఒలింపిక్ జట్టు కోటు తొడుక్కునే అతను రోడ్లు ఊడ్చేవాడు. ఆటలో గెలుపు మనిషిని ఎంతవరకు తీసుకెళుతుందో, ఎక్కడ వదిలేస్తుందో తమ్ముడు కళ్లారా చూశాడు.

లాస్ ఏంజిలస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో రాబిన్సన్ ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్, అథ్లెటిక్స్, బేస్‌బాల్ నాలుగింటిలోనూ విశ్వవిద్యాలయ జట్టు గుర్తింపు పొందారు. అక్కడ అంతకుముందు ఎవరూ అది సాధించలేదు. విచిత్రం ఏమిటంటే ఆ నాలుగింటిలో ఆయన బాగా వెనకబడింది బేస్‌బాల్‌లోనే. జీవిత సహచరి రేచల్ పరిచయమైందీ అక్కడే. ఎంత చదివినా నల్లవాడికి మంచి ఉద్యోగం రాదన్న నిరాశతో 1941లో డిగ్రీ పూర్తికాకుండానే చదువు మానేశారు.

తర్వాత యుద్ధం వచ్చింది. 1942లో సైన్యంలోకి తీసుకున్నారు, మరుసటి ఏడాది సెకండ్ లెఫ్టినెంట్ అయ్యారు. 1944 జులైలో టెక్సస్‌లోని క్యాంప్ హుడ్ శిబిరంలో సైనిక బస్సు ఎక్కినప్పుడు, వెనక్కి వెళ్లి కూర్చోమని డ్రైవర్ ఆదేశించాడు. రాబిన్సన్ లేవలేదు. మాంట్‌గోమరీ బస్సులో రోజా పార్క్స్ లేవడానికి నిరాకరించిన ఘటనకు ఇది పదకొండేళ్ల ముందరి మాట. ఆయన్ను కోర్టు మార్షల్ చేశారు. తొమ్మిది మంది అధికారుల బృందం విచారించి నిర్దోషిగా తేల్చింది. మనసు విరిగిన రాబిన్సన్ ఆ ఏడాది నవంబర్‌లో సైన్యం నుంచి బయటపడ్డారు. అవమానిస్తే తిరగబడే స్వభావం ఆయనది. ఆ స్వభావాన్నే అణచుకోమని తర్వాత అడిగారు.

మేజర్ లీగ్‌లో నల్లవారు ఆడరాదని రాతపూర్వకమైన నిబంధన ఏదీ లేదు. 1884లో మోజెస్ ఫ్లీట్‌వుడ్ వాకర్ అనే నల్లజాతి ఆటగాడు ఆ స్థాయిలో ఆడాడు కూడా. ఆ తర్వాత క్లబ్బుల యజమానులు తమలో తాము ఒక మాట అనుకుని తలుపులు మూసేశారు. రాయని నిబంధన ఆరు దశాబ్దాలు నిలిచింది. ఎక్కడా రాసి లేదు కాబట్టి, దాన్ని రద్దు చేయమని ఎవరిని అడగాలో కూడా తెలియదు. ఈ దేశంలో గుడి, బావి, హోటల్ బల్ల దగ్గర అలాంటి రాయని నిబంధనలను ఎదుర్కొన్నవారికి దీన్ని వివరించనక్కర్లేదు.

నల్లజాతి ఆటగాళ్లు తమ సొంత లీగ్‌లు నడుపుకున్నారు. 1945లో రాబిన్సన్ నెలకు 400 డాలర్లకు కాన్సస్ సిటీ మోనార్క్స్ జట్టులో చేరారు. రాత్రంతా బస్సు ప్రయాణాలు, దారిలో తినడానికి చోటివ్వని హోటళ్లు, వాడుకోనివ్వని మరుగుదొడ్లు. ఆ ఏడాది ఆగస్టు 28న బ్రూక్లిన్ డాడ్జర్స్ క్లబ్ అధిపతి బ్రాంచ్ రికీ ఆయన్ను తన కార్యాలయానికి పిలిపించారు. దాదాపు మూడు గంటలు మాట్లాడారు. తెల్ల హోటల్ గుమాస్తాలా, ప్రత్యర్థి ఆటగాడిలా, ప్రేక్షకుడిలా రికీ తానే నటిస్తూ రాబిన్సన్‌ను నోటికొచ్చినట్టు తిట్టి చూశారు. షరతు ఒక్కటే. ఎవరు ఏమన్నా, ఏం చేసినా తిరిగి ఒక్క మాట అనకూడదు, చెయ్యి ఎత్తకూడదు.

రికీకి మతవిశ్వాసం, న్యాయబుద్ధి ఉన్నాయి. వ్యాపారబుద్ధి కూడా ఉంది. నల్లజాతి ఆటగాళ్లలో ఎవరూ ముట్టని ప్రతిభా సంపద ఉందనీ, నల్లజాతి ప్రేక్షకులు టిక్కెట్లు కొంటారనీ ఆయనకు తెలుసు. మోనార్క్స్ నుంచి రాబిన్సన్‌ను తీసుకున్నందుకు ఆ క్లబ్బుకు ఆయన ఒక్క డాలరు కూడా ఇవ్వలేదు. తర్వాత కొన్నేళ్లలోనే మంచి ఆటగాళ్లు, వారితోపాటు ప్రేక్షకులు తరలిపోవడంతో నల్లజాతి లీగ్‌లు కుప్పకూలాయి. సమానత్వం వచ్చిన దారిలోనే నల్లవారి చేతుల్లో ఉన్న ఒక వ్యాపారం మాయమైంది. ఈ లెక్కను సంబరాల రోజున ఎవరూ తీయరు.

1946లో రేచల్‌తో పెళ్లయిన కొద్దిరోజులకే శిక్షణ శిబిరానికి ఫ్లోరిడా బయలుదేరితే, దారిలో కొత్త దంపతులను విమానం నుంచి దించేశారు. మిగిలిన దూరం బస్సులో, వెనక సీట్లలో ప్రయాణించారు. ఆ ఏడాది కెనడాలో మాంట్రియల్ రాయల్స్ తరఫున ఆడిన రాబిన్సన్, బ్యాటింగ్‌లో లీగ్ మొత్తానికి అగ్రస్థానంలో నిలిచి జట్టుకు టైటిల్ తెచ్చిపెట్టారు.

1947 ఏప్రిల్ 15న బ్రూక్లిన్‌లోని ఎబెట్స్ ఫీల్డ్‌లో, 42వ నంబరు చొక్కాతో ఆయన మేజర్ లీగ్ మైదానంలో అడుగుపెట్టారు. అప్పటికి 28 ఏళ్లు. కొత్త ఆటగాడికి అది చిన్న వయసు కాదు. అంతకుముందే సొంత జట్టులో కొందరు ఆయనతో ఆడబోమని అర్జీ రాయబోతే యాజమాన్యం అణచివేసింది. వారం తిరిగేసరికి ఫిలడెల్ఫియా ఫిలీస్ జట్టు బ్రూక్లిన్ వచ్చింది. ఆ జట్టు మేనేజర్ బెన్ చాప్‌మన్, అతని ఆటగాళ్లు మ్యాచ్ సాగినంతసేపూ జాతి పేరుతో బూతులు కురిపించారు. బ్యాట్ విసిరేసి వెళ్లి వాళ్లలో ఒకడి పళ్లు రాలగొట్టి, ఈ మహా ప్రయోగానికి స్వస్తి చెప్పాలని ఆ రోజు ఎంతగా అనిపించిందో రాబిన్సన్ చివరిదాకా మరచిపోలేదు. ఆ పని చేయలేదు. చివరికి, నల్లవాళ్ల పక్కన ఆడటం ఇష్టంలేని జట్టు సభ్యులే ఉండబట్టలేక ఫిలీస్‌ మీద కేకలు వేశారు. గొడవ పత్రికలకెక్కాక చాప్‌మన్‌తో కలిసి ఫొటో దిగమని రాబిన్సన్‌నే కోరారు. ఇద్దరూ ఒకే బ్యాట్ పట్టుకుని నిలబడ్డారు. ఆటలో తాను చేసిన కష్టమైన పనుల్లో అదొకటని ఆయన తర్వాత తలచుకున్నారు.

మాటతో చెప్పలేనిదాన్ని ఆయన కాళ్లతో చెప్పారు. బేస్‌బాల్‌లో బంతిని కొట్టినవాడు మూడు బేస్‌లు దాటి, మొదట నిలబడిన చోటుకే తిరిగొస్తే ఒక పరుగు. బంతి విసిరేవాడి ఏకాగ్రత చెదిరిన లిప్తకాలంలో, ఎవరూ బంతిని కొట్టకుండానే తర్వాతి బేస్‌కు దూసుకుపోవచ్చు. దాన్ని దొంగిలించడం అంటారు. మూడో బేస్ నుంచి బంతికి ఎదురుగా హోమ్‌కే దూకడం అన్నిటికన్నా సాహసం. రాబిన్సన్ తన వృత్తి జీవితంలో 19 సార్లు హోమ్‌ను దొంగిలించారు. బేస్ దగ్గర ఆయన ఒక అడుగు ముందుకు, ఒక అడుగు వెనక్కి ఊగుతూ ఉంటే బంతి విసిరేవాడికి చేతులు ఆడేవి కావు. నిబంధనల లోపలే ఉంటూ ప్రత్యర్థిని బెదరగొట్టే పద్ధతి అది.

మొదటి ఏడాది 29 బేస్‌లు దొంగిలించి ఉత్తమ కొత్త ఆటగాడి అవార్డు అందుకున్నారు. 1949లో .342 సగటుతో నేషనల్ లీగ్ అత్యుత్తమ ఆటగాడయ్యారు. ఆయన ఆడిన పది సీజన్లలో డాడ్జర్స్ ఆరుసార్లు లీగ్ విజేతలు. 1955లో న్యూయార్క్ యాంకీస్‌ను ఓడించి వరల్డ్ సిరీస్ గెలిచారు.

రికీ షరతు 1949లో తొలగిపోయింది. అక్కడి నుంచి రాబిన్సన్ అంపైర్లతో వాదించారు, తప్పుడు రాతలు రాసిన విలేకరులను నిలదీశారు, జట్టుకంతా గదులిచ్చి నల్లవారికి మాత్రం ఇవ్వని హోటళ్ల గురించి మాట్లాడారు. తెల్ల ఆటగాడు అలా చేస్తే గెలుపు కసి అనేవారు. రాబిన్సన్ చేస్తే అహంకారం, కృతఘ్నత అన్నారు. తిట్లు పడి ఊరుకున్నప్పుడు తనను మెచ్చుకున్నవారే, నోరు తెరిచేసరికి మొహం తిప్పుకున్నారన్న ఎరుక ఆయన్ను జీవితాంతం వెంటాడింది.

అదే ఏడాది జులైలో ఇంకో పరీక్ష ఎదురైంది. అమెరికా వ్యతిరేక కార్యకలాపాలపై ప్రతినిధుల సభ వేసిన కమిటీ ఆయన్ను సాక్ష్యానికి పిలిచింది. గాయకుడు, నటుడు, వామపక్షవాది పాల్ రోబ్సన్‌కు వ్యతిరేకంగా మాట్లాడించడమే వారి ఉద్దేశం. సోవియట్ యూనియన్‌తో యుద్ధమొస్తే అమెరికా నల్లవారు పోరాడరని రోబ్సన్ పారిస్‌లో అన్నట్టు పత్రికలు రాశాయి. రాబిన్సన్ వెళ్లారు. అమెరికాలో జాతివివక్ష కమ్యూనిస్టుల కల్పన కాదనీ, అది నిజమనీ గట్టిగానే చెప్పారు. పత్రికలు మాత్రం రోబ్సన్‌ను ఖండించిన ముక్కనే పట్టుకున్నాయి. మరుసటి ఏడాది రోబ్సన్ పాస్‌పోర్టు రద్దయింది, అతని జీవనాధారం దెబ్బతింది. మేజర్ లీగ్‌లోకి నల్లవారిని రానివ్వమని 1943లో బేస్‌బాల్ కమిషనర్ ముందు కూర్చుని వాదించినవాడు ఆ రోబ్సనే. ఇప్పుడైతే అలాంటి పిలుపును తిరస్కరిస్తాననీ, తన జాతి కోసం సర్వం పోగొట్టుకున్న ఆ మనిషి మీద గౌరవం పెరిగిందనీ రాబిన్సన్ చివరి పుస్తకంలో ఒప్పుకున్నారు.

1956 చివర్లో డాడ్జర్స్ ఆయన్ను ఆజన్మ ప్రత్యర్థి జెయింట్స్‌కు అమ్మేసింది. అప్పటికే ఆయన ఆట మానేసి చాక్ ఫుల్ ఓ నట్స్ అనే కాఫీ కంపెనీలో ఉద్యోగుల వ్యవహారాలు చూసే ఉపాధ్యక్షుడిగా చేరడానికి నిర్ణయించుకున్నారు. ఆటగాడిని చెప్పకుండా చేతులు మార్చే ఆ పద్ధతి మీద ఆయన అభిప్రాయం 1970లో కోర్టులో బయటపడింది. ఆటగాడిని క్లబ్ తన సొత్తులా అట్టేపెట్టుకునే నిబంధనను కర్ట్ ఫ్లడ్ అనే నల్లజాతి ఆటగాడు సవాలు చేశాడు. అప్పటికి ఆడుతున్నవారిలో ఒక్కరూ అతని వైపు సాక్ష్యం చెప్పడానికి రాలేదు. రాబిన్సన్ వచ్చారు.

ఆట తర్వాతి పదహారేళ్లూ ఆయన పౌరహక్కుల ఉద్యమంలోనే ఉన్నారు. నిధులు సేకరించారు, దక్షిణాది సభల్లో మాట్లాడారు, 1963 వాషింగ్టన్ మహా ప్రదర్శనకు కుటుంబంతో సహా వెళ్లారు. హార్లెంలో నల్లవారి యాజమాన్యంలో ఫ్రీడం నేషనల్ బ్యాంక్ స్థాపనలో ముందు నిలిచారు. నల్లవారి ఓట్లు ఒకే పార్టీ జేబులో ఉంటే ఎవరూ ఖాతరు చేయరన్నది ఆయన రాజకీయ నమ్మకం. ఆ నమ్మకంతోనే 1960లో కెనెడీకి వ్యతిరేకంగా నిక్సన్‌ను బలపరిచారు. మార్టిన్ లూథర్ కింగ్ జార్జియా జైల్లో ఉన్నప్పుడు కెనెడీ ఆయన భార్యకు ఫోన్ చేసి పలకరించారు, నిక్సన్ ఆ పని చేయలేదు. అయినా రాబిన్సన్ నిక్సన్‌ను వదల్లేదు. తన మంచి నిర్ణయాల్లో అది ఒకటి కాదని తర్వాత రాసుకున్నారు. 1964లో రిపబ్లికన్ సమావేశం పౌరహక్కుల చట్టాన్ని వ్యతిరేకించిన గోల్డ్‌వాటర్‌ను అభ్యర్థిగా ఎన్నుకున్నప్పుడు, ఆ హాలులో నిలబడిన ఆయనకు హిట్లర్ జర్మనీలో యూదుడి పరిస్థితి ఏమిటో అర్థమైనట్టనిపించింది. ఆ ఎన్నికలో డెమొక్రాట్ జాన్సన్ కోసం పనిచేశారు.

మరోవైపు, తెల్ల యజమానుల కోసం పనిచేసే మనిషని మాల్కం ఎక్స్ ఆయన్ను బహిరంగంగా విమర్శించాడు. 1967లో వియత్నాం యుద్ధాన్ని కింగ్ ఖండించినప్పుడు రాబిన్సన్ బహిరంగ లేఖ రాసి విభేదించారు. ఆ విభేదం వెనుక ఇంటి కథ ఉంది. పెద్ద కొడుకు జాకీ జూనియర్ ఆ యుద్ధంలోనే 1965లో గాయపడ్డాడు. తిరిగొచ్చాక మాదకద్రవ్యాలకు బానిసై 1968లో అరెస్టయ్యాడు. ఊరి పిల్లలందరికీ ఆదర్శమైన తాను సొంత బిడ్డను చేరుకోలేకపోయానని తండ్రి ఆనాడే బహిరంగంగా ఒప్పుకున్నారు. కొడుకు చికిత్స తీసుకుని కోలుకున్నాడు. తనలాంటి వాళ్లను మాన్పించే పనిలో చేరాడు. తండ్రీకొడుకుల మధ్య మాటలు మళ్లీ కుదురుకుంటున్న సమయంలో, 1971 జూన్‌లో, 24 ఏళ్ల వయసులో కారు ప్రమాదంలో చనిపోయాడు.

ఆత్మకథ ఆ దుఃఖంలోంచి వచ్చింది. 1947 వరల్డ్ సిరీస్ మొదటి రోజున జెండా ఎగురుతుంటే, జాతీయగీతం వాయిస్తుంటే మైదానంలో గర్వంగా నిలబడ్డ తనను ఆయన అందులో గుర్తుచేసుకున్నారు. పాతికేళ్లు గడిచాక ఆ గీతం తన నోట రాదనీ, ఆ జెండాకు తన చేయి లేవదనీ రాశారు. పడిన అవమానాల కన్నా, తాను ఎక్కాక నిచ్చెన అక్కడే ఆగిపోయిందన్న బాధ ఆయన్ను ఎక్కువగా కలచివేసింది. నల్లవారికి పరుగెత్తే హక్కు వచ్చింది, ఎవరు పరుగెత్తాలో చెప్పే హక్కు రాలేదు.

క్రికెట్ చరిత్ర తెలిసినవారికి ఇక్కడ పల్వాంకర్ బాలూ గుర్తురాక మానడు. 1911 ఇంగ్లండ్ పర్యటనలో వందకు పైగా వికెట్లు తీసిన ఆ దళిత బౌలర్‌కు పుణెలో సొంత జట్టువాళ్లే విడిగా మట్టిపాత్రలో టీ పోశారు. ఆయన బంతి కావాలి, ఆయన నాయకత్వం వద్దు. హిందూ జట్టు సారథ్యం బాలూకు ఏనాడూ దక్కలేదు. 1923లో ఆయన తమ్ముడు విఠల్‌కు దక్కింది. సామర్థ్యాన్ని ఒప్పుకోవడం వేరు, అధికారాన్ని పంచుకోవడం వేరు.

సిన్సినాటిలో రాబిన్సన్ కోరిన కోరిక ఆయన పోయిన రెండేళ్లకు కదిలింది. 1974 అక్టోబర్‌లో క్లీవ్‌లాండ్ జట్టు ఫ్రాంక్ రాబిన్సన్‌ను మేనేజర్‌గా ప్రకటించింది. పేరు కలిసినా బంధుత్వం లేదు. 1975 ఏప్రిల్‌లో ఆ జట్టు తొలి మ్యాచ్‌కు లాంఛనంగా మొదటి బంతి విసిరింది రేచల్ రాబిన్సన్.

1997లో 42వ నంబరును ఏ జట్టూ కొత్తగా ఎవరికీ ఇవ్వరాదని మేజర్ లీగ్ నిర్ణయించింది. ఇప్పుడు ఏటా ఏప్రిల్ 15న ఆటగాళ్లందరూ అదే నంబరు చొక్కా తొడుక్కుంటారు. ఆ రోజు తెరమీద కనిపించేది తిట్లను మౌనంగా భరించిన 1947 నాటి యువకుడు. జెండాకు చేయి లేవదని రాసిన 1972 నాటి మనిషి అంతగా కనిపించడు. ఆ మనిషి బ్రూక్లిన్‌లోని సైప్రెస్ హిల్స్ శ్మశానంలో, తనకన్నా పదహారు నెలల ముందు పోయిన కొడుకు పక్కన ఉన్నాడు. ఆ శ్మశానం మధ్యగా సాగే రహదారికి ఇప్పుడు ఆయన పేరు.